ఇద్దరు మిత్రులు, ఒక కచేరీ, పదేళ్ళ ఫైలు

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు, నేను మన జిల్లా చరిత్రో, మన శాఖ చరిత్రో రాస్తానని ఆయన అనుకుని ఉంటారు. నేను మాత్రం 1971లో న్యూయార్కులో జరిగిన ఒక రాక్ కచేరీ గురించి రాయబోతున్నాను. పెన్షనర్ల పత్రికలో రాక్ సంగీతం ఏమిటని ఎవరూ విసుక్కోవద్దని మనవి. చివరిదాకా చదివితే ఇది మన ఆఫీసుల్లో నడిచిన కథలాగే ఉందని మీరే అంటారు.

ఈ సంగతి రాయాలని తట్టడానికి కారణం నా పాత మిత్రుడు. 1971లో మేమిద్దరం బందరులో కొత్తగా ఉద్యోగంలో చేరిన గుమాస్తాలం. ఒకే గదిలో అద్దెకు ఉండేవాళ్ళం. నేను ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షను, అతను అకౌంట్సు. తరవాత అతను ఆడిట్ వైపు వెళ్ళి అక్కడే రిటైరయ్యాడు. కిందటి సంక్రాంతికి వాళ్ళింటికి వెళ్ళినప్పుడు అతని మనవడు ఆ కచేరీ సినిమాను టీవీలో పెట్టి, "తాతయ్యా, మీ కాలం నాటిదే, కూచుని చూడండి" అన్నాడు. త్యాగరాజ కీర్తన తప్ప వేరే పాట చెవిన పెట్టని నా మిత్రుడు, "ఒరే, ఈ గోల మనకెందుకురా" అని లేవబోయాడు. అంతలో తెర మీద పండిట్ రవిశంకర్ కనిపించారు. "ఉండుండు, సితారే గదా" అని మళ్ళీ కూలబడ్డాడు. ఆ విధంగా డెబ్బై దాటిన మేమిద్దరం జీవితంలో మొదటిసారి ఒక రాక్ కచేరీకి హాజరయ్యాం.

ఎవరీ ఇద్దరు?

రవిశంకర్ 1920 ఏప్రిల్ 7న కాశీలో ఒక బెంగాలీ కుటుంబంలో పుట్టారు. వారి పూర్వీకులది జెస్సోరు ప్రాంతం. అది ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. పదేళ్ళ వయసులో అన్నగారు ఉదయశంకర్ నాట్య బృందంతో పారిస్ వెళ్ళి, 1938లో ఆ ఆర్భాటమంతా వదిలి మైహర్‌లో ఉస్తాద్ అల్లాఉద్దీన్ ఖాన్ దగ్గర శిష్యరికం చేశారు. ఆ గురువుగారి సొంత ఊరు శిబ్‌పూర్ కూడా నేటి బంగ్లాదేశ్‌లోనిదే. మరొక విషయం మన సభ్యులకు నచ్చుతుంది. రవిశంకర్ 1949 నుంచి 1956 దాకా ఢిల్లీ ఆకాశవాణిలో ఉద్యోగం చేశారు. అంటే ఫైళ్ళూ, నోటింగులూ ఆయనకు బొత్తిగా తెలియనివి కావు. కర్ణాటక సంగీతంలోని కీరవాణి, చారుకేశి, వాచస్పతి రాగాలను హిందుస్తానీ కచేరీల్లో ప్రచారంలోకి తెచ్చినవారిలో ఆయన ముఖ్యులు. అందుకే మా మిత్రుడికి ఆయనంటే గౌరవం.

రెండవ వ్యక్తి జార్జి హారిసన్. 1943 ఫిబ్రవరి 25న ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవు పట్నంలో పుట్టాడు. తండ్రి బస్సు కండక్టరుగా, తరవాత డ్రైవరుగా పనిచేశాడు. హారిసన్ గిటారు పట్టుకుని, బీటిల్స్ అనే నలుగురు కుర్రాళ్ళ బృందంలో ఒకడై, ఇరవై ఒక్క ఏళ్ళు నిండేసరికి లోకప్రసిద్ధుడయ్యాడు. 1965లో ఒక పాటలో సరదాగా సితారు మీటాడు గాని, దాన్ని పట్టుకోవడం కూడా తనకు సరిగా రాదని అతనికి తెలుసు. 1966లో లండనులో రవిశంకర్‌ను కలిసి, నేర్పమని అడిగాడు. గురువుకు 46, శిష్యుడికి 23.

మొదటి పాఠాల్లో జరిగిన ఒక సంఘటన హారిసన్ తరవాత తానే చెప్పుకున్నాడు. టెలిఫోను మోగితే సితారు కింద పెట్టి, దాన్ని దాటుకుంటూ వెళ్ళబోయాడట. రవిశంకర్ అతని కాలి మీద ఒక్కటి వేసి, ముందు వాద్యాన్ని గౌరవించడం నేర్చుకోమన్నారట. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే మనకు ఇందులో వింత లేదు. కోట్లమంది నెత్తిన పెట్టుకున్న ఆ కుర్రవాడు మాత్రం దెబ్బను దీవెనగా తీసుకున్నాడు. అదే ఏడాది సెప్టెంబరులో మీసం పెంచుకుని, మారుపేరుతో బొంబాయి వచ్చాడు. అయినా జనం గుర్తుపట్టేశారు. హోటలు చుట్టూ గుంపులు చేరడంతో గురుశిష్యులు కాశ్మీరు వెళ్ళి పడవ ఇంట్లో సాధన చేశారు. సితారులో విద్వాంసుణ్ణి కాలేనని హారిసన్ కొన్నాళ్ళకు గ్రహించాడు. పాఠం ఆగినా స్నేహం ఆగలేదు.

రాక్ సభలు రవిశంకర్‌కు అంతకుముందే పరిచయం. 1967లో మాంటెరీలో వాయించి మెప్పు పొందారు. 1969 ఆగస్టులో వుడ్‌స్టాక్‌లో వర్షంలో వాయించారు. అక్కడ మత్తుమందుల మైకంలో ఉన్న జనాన్ని చూసి బాధపడి, బురదలో పడుకున్న గేదెలు గుర్తుకొచ్చాయని తరవాత చెప్పారు. అటువంటి సభలకు దూరంగా ఉండాలనుకున్న మనిషి రెండేళ్ళలో మళ్ళీ రాక్ వేదిక ఎక్కారంటే, దాని వెనుక పెద్ద కారణమే ఉండాలి.

ఆ కారణం

1970 నవంబరు 12 రాత్రి బంగాళాఖాతంలో పుట్టిన తుపాను తూర్పు పాకిస్తాన్ తీరాన్ని ముంచెత్తింది. 3 నుంచి 5 లక్షల మంది చనిపోయారని అంచనా. పశ్చిమాన ఉన్న పాలకులు సకాలంలో ఆదుకోలేదన్న కోపంతో ఉన్న ప్రజలు, డిసెంబరు ఎన్నికల్లో షేక్ ముజిబుర్ రహ్మాన్ గారి అవామీ లీగును గెలిపించారు. తూర్పు భాగంలోని 162 సాధారణ స్థానాల్లో 160 ఆ పార్టీకే వచ్చాయి. మొత్తం పాకిస్తాన్ జాతీయ సభలోనూ దానికే మెజారిటీ. అధికారం అప్పగించడానికి బదులు 1971 మార్చి 25 రాత్రి సైన్యం ఢాకా మీద విరుచుకుపడింది. ప్రాణాలు అరచేత పట్టుకుని జనం సరిహద్దు దాటారు. డిసెంబరు నాటికి మన దేశంలో చేరిన కాందిశీకులు సుమారు 99 లక్షలు. పశ్చిమ బెంగాల్, త్రిపుర, అస్సాం, మేఘాలయల్లో శిబిరాలు. కలకత్తా శివార్లలో మురుగు నీటి గొట్టాలలో కాపురం పెట్టినవారి ఫొటోలు ఆనాటి పత్రికల్లో చూసిన గుర్తు మనలో చాలామందికి ఉండే ఉంటుంది.

దాని భారం ఎక్కడో ఉన్న మన మీద కూడా పడింది. 1971 నవంబరు 15 నుంచి మనం వేసే ఉత్తరాలకు మామూలు తపాలా బిళ్ళతో పాటు మరో 5 పైసల కాందిశీకుల సహాయ బిళ్ళ అంటించాల్సి వచ్చేది. మొదట్లో కుటుంబ నియంత్రణ బిళ్ళ మీదే అక్షరాలు అచ్చొత్తి ఇచ్చారు. 1973 మార్చి 31 దాకా అది సాగింది. మా గదిలో నేను ఇంటికి ఉత్తరం రాసినప్పుడల్లా, "ఐదు పైసల బిళ్ళ వేశావా?" అని నా మిత్రుడు అడిగేవాడు. ఆ ఐదు పైసలు శిబిరంలోని పిల్లవాడి నోటికి ఎంత చేరేవో గాని, ఒక దేశపు దుఃఖం మన ఉత్తరం మీదికి ఎక్కిందని మాత్రం తెలిసేది.

అడిగినవాడు, అవునన్నవాడు

1971 వేసవిలో రవిశంకర్, హారిసన్ ఇద్దరూ అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లో ఉన్నారు. రవిశంకర్ మీద తీసిన ఒక చిత్రం సంగీతపు పని జరుగుతోంది. తన పూర్వీకుల నేల, తన గురువుగారి ఊరున్న నేల, తగలబడిపోతోంది. దూరపు బంధువులు, తెలిసినవారు కాందిశీకులయ్యారు. సితారు కచేరీ ఒకటి చేసి, ఓ 25 వేల డాలర్లయినా పోగుచేసి పంపాలని ఆయన ఆలోచన. నువ్వేమైనా సాయం చేయగలవా అని హారిసన్‌ను అడిగారు.

హారిసన్ ఆలోచించుకుని చెబుతాననలేదు. ఇంకా పెద్ద కచేరీ చేద్దామన్నాడు. అప్పటికి బీటిల్స్ విడిపోయి ఏడాది దాటింది. 1966 ఆగస్టు తరవాత టిక్కెట్టు పెట్టిన సభలో ఆ బృందం పాడనే లేదు. ముందుండి సభ నడిపించడం హారిసన్‌కు అలవాటు లేదు. నలుగురిలో అతనే సిగ్గరి. అటువంటివాడు వారాల తరబడి టెలిఫోను ముందు కూచుని ఒక్కొక్కరినే బతిమాలాడు. పాత జోడు రింగో స్టార్ వస్తానన్నాడు. ఎరిక్ క్లాప్టన్ అప్పుడు మత్తుమందు వ్యసనంతో మంచాన పడినట్టున్నాడు, అయినా వచ్చాడు. కొన్నేళ్ళుగా అమెరికాలో పెద్ద సభల్లో కనబడని బాబ్ డిలాన్ వస్తాడో రాడో చివరి నిమిషం దాకా ఎవరికీ తెలియదు. లియాన్ రసెల్, బిల్లీ ప్రెస్టన్ వంటి పేరున్న వాద్యకారులూ కలిశారు. మాట్లాడుకోవడం నుంచి సభ దాకా పట్టింది సుమారు ఐదు వారాలు. మన కార్యాలయాల్లో ఐదు వారాల్లో ఒక టెండరు నోటీసు కూడా తయారు కాదని మీకు తెలుసు.

ఆగస్టు 1, ఆదివారం

1971 ఆగస్టు 1న న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అనే విశాలమైన మందిరంలో రెండు ఆటలు జరిగాయి. మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి. రెండింటికీ కలిపి సుమారు 40 వేల మంది వచ్చారు. వారిలో ఎక్కువమంది కుర్రకారు. వారు వచ్చింది బీటిల్ కోసం, డిలాన్ కోసం. కాని తెర తీసేసరికి నేల మీద బాసింపట్టు వేసుకుని కూచున్న నలుగురు భారతీయులు. సితారు మీద రవిశంకర్, సరోదు మీద గురుపుత్రుడు అలీ అక్బర్ ఖాన్, తబలా మీద అల్లా రఖా, తంబురాతో కమలా చక్రవర్తి.

హారిసన్ ముందుకు వచ్చి, ఈ సంగీతం మన సంగీతం కన్నా కొంచెం నెమ్మదిగా, శ్రద్ధగా వినవలసినదని చెప్పి తప్పుకున్నాడు. వాయించినంతసేపు పొగ తాగవద్దని రవిశంకర్ కోరారు. తరవాత నలుగురూ శ్రుతి చేసుకోవడం మొదలుపెట్టారు. ఒకటిన్నర నిమిషం టింగు టింగుమని మీటి ఆపారు. అంతే! మందిరమంతా చప్పట్లతో మారుమోగింది. అదే పాట అనుకున్నారు పాపం. రవిశంకర్ నవ్వి, శ్రుతి చేసుకోవడమే ఇంత నచ్చితే అసలు వాయిద్యం ఇంకా నచ్చుతుందని ఆశిస్తానన్నారు. ఇక్కడ మా మిత్రుడు పగలబడి నవ్వాడు. "మన రామనవమి పందిట్లో కూడా ఇలాంటి వాళ్ళుంటార్రా" అన్నాడు.

తరవాత వాయించింది బంగ్లా ధున్. బెంగాలు పల్లెల బాణీల మీద అల్లిన రచన. సితారు, సరోదు ఒకదానికొకటి బదులు చెప్పుకుంటూ, చివరికి తబలాతో పోటీ పడుతూ పరుగెత్తాయి. అందులో మా మిత్రుడు తల ఊపుతూనే ఉన్నాడు. ఇంతవరకూ నవ్విన మనిషి ఒక్కసారి మౌనంగా అయిపోయాడు. కొంతసేపటికి, "వాళ్ళ ఊళ్ళు కాలిపోతుంటే వాయిస్తున్నారు గదరా" అన్నాడు.

విరామంలో కాందిశీక శిబిరాలపై తీసిన చిత్రాన్ని ఆ జనానికి చూపించారు. తరవాత హారిసన్ తెల్లని దుస్తుల్లో వచ్చాడు. రెండు డ్రమ్ములు, గిటార్లు, బాకాలు, వంత పాడేవారు, వేదిక నిండిపోయింది. డిలాన్ నిజంగానే వచ్చాడు. చివర హారిసన్ ఈ సందర్భానికే రాసిన బంగ్లాదేశ్ పాట పాడాడు. ఒక మిత్రుడు దుఃఖంతో తన దగ్గరకు వచ్చాడన్న మాటతోనే ఆ పాట ఎత్తుకుంటుంది. మా మిత్రుడికి ఆ చప్పుడు నచ్చలేదు. మాట మాత్రం నచ్చింది.

ఒక సంగతి గమనించాలి. అప్పటికి బంగ్లాదేశ్ అనే దేశాన్ని మన ప్రభుత్వం కూడా ఇంకా గుర్తించలేదు. మనం గుర్తించింది డిసెంబరు 6న, పాకిస్తాన్ సైన్యం ఢాకాలో లొంగిపోయింది డిసెంబరు 16న. అమెరికా గుర్తించింది 1972 ఏప్రిల్‌లో. అమెరికా ప్రభుత్వం పాకిస్తాన్ పాలకుల పక్షాన ఉన్న రోజుల్లో, అమెరికా నడిబొడ్డున ఆ దేశం పేరును 40 వేల మంది విన్నారు. ఆ ఒక్క రోజుతో లోకమంతా తమ దేశం పేరు తెలుసుకుందని రవిశంకర్ తరవాతి కాలంలో చెబుతుండేవారు.

ఇక ఫైలు కథ

టిక్కెట్ల మీద వచ్చిన సొమ్ము 2,43,418 డాలర్ల 50 సెంట్లు. రవిశంకర్ అనుకున్నదానికి ఇది దాదాపు పదింతలు. అప్పటి లెక్కలో డాలరుకు సుమారు ఏడున్నర రూపాయలు, అంటే మన డబ్బులో 18 లక్షల పైమాట. పది పన్నెండు రోజుల్లోనే ఐక్యరాజ్యసమితి బాలల నిధి యునిసెఫ్‌కు చెక్కు అందింది. ఇంతవరకు బాగానే ఉంది.

అసలు డబ్బు రావలసింది కచేరీ రికార్డుల మీద, సినిమా మీద. 1971 డిసెంబరులో మూడు రికార్డుల పెట్టె విడుదలై విపరీతంగా అమ్ముడయింది. 1973లో గ్రామీ బహుమతి కూడా పొందింది. 1972లో సినిమా వచ్చింది. డబ్బు వచ్చింది, కాని కదలలేదు. కారణం వింటే మీరు నుదురు కొట్టుకుంటారు. హడావుడిలో, కచేరీకి ముందుగా యునిసెఫ్‌తో కాగితం మీద ఏర్పాటు చేసుకోలేదు. సొమ్ము ధర్మానికే అని అందరికీ తెలుసు. కాని తెలియడం వేరు, రికార్డులో ఉండడం వేరు. అందువల్ల అమెరికా ఆదాయపు పన్ను శాఖ పన్ను మినహాయింపు ఇవ్వలేదు. 1972లో సుమారు 20 లక్షల డాలర్లు యునిసెఫ్‌కు చేరాక, లెక్కల తనిఖీ మొదలై మిగిలిన సొమ్ము ఆగిపోయింది. అది విడుదలైంది 1981లో. అంటే కచేరీకి, ఆ డబ్బుకి మధ్య పదేళ్ళు. ఈలోగా యుద్ధం ముగిసింది, కొత్త దేశం వచ్చింది, 1974లో ఆ దేశంలో కరువు వచ్చి పోయింది. శిబిరంలో ఏడ్చిన పసిపిల్లవాడు ఆ డబ్బు కదిలేనాటికి బతికి ఉంటే పదేళ్ళ కుర్రవాడు. 1985 నాటికి పంపిన మొత్తం సుమారు 1 కోటి 20 లక్షల డాలర్లు.

ఇది విని మా మిత్రుడు కుర్చీలో నిటారుగా కూచున్నాడు. "ముందస్తు మంజూరు లేదన్నమాట" అన్నాడు. ముప్పై అయిదేళ్ళు అతను రాసిన అభ్యంతరాలన్నిటి సారం ఆ ఒక్క మాటలో ఉంది.

మా ఇద్దరి సంగతి

నాకు అప్పుడు గుర్తుకొచ్చింది 1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన. 1864లో బందరును ముంచి 30 వేల మందిని పొట్టన పెట్టుకున్న సముద్రమే, 1970లో భోలా తీరాన్ని ముంచిన బంగాళాఖాతమే, ఆ రోజు దివిసీమ మీద పడింది. పదివేల మందికి పైగా పోయారు. 1952లో రాయలసీమ కరువు కోసం ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేసిన ఎన్.టి. రామారావు గారు, అక్కినేని నాగేశ్వరరావు గారితో కలిసి మళ్ళీ జోలె పట్టారు. కళాకారుడు చేయి చాచితే జనం ఇస్తారని తెలుసుకోవడానికి మనం న్యూయార్కు దాకా పోనక్కరలేదు.

మా ఆఫీసులోనూ చందాలు వేసుకున్నాం. బియ్యం, బట్టలు, దుప్పట్లు పోగుచేశాం. నేను తిరిగి వసూలు చేసేవాణ్ణి. నా మిత్రుడు కార్బను కాగితం పెట్టి ప్రతి రూపాయికీ రసీదు రాసేవాడు. ప్రతి దుప్పటికీ జాబితా, పుచ్చుకున్నవారి సంతకమో వేలిముద్రో. నాకు ఒళ్ళు మండింది. "అక్కడ శవాలు తేలుతుంటే నీకు కాగితాలు కావాలా? నీది గుండెకాయా, స్టాంపు ప్యాడా?" అని పదిమంది ముందు అన్నాను. అతను మారు మాట్లాడలేదు. రసీదు రాయడం మానలేదు.

మూడు నెలల తరవాత, వసూలైన డబ్బులో కొంత నా జేబులోకి పోయిందని ఎవరో ఆకాశరామన్న ఉత్తరం రాశారు. విచారణ వచ్చింది. నేను నోట మాట రాక నిలబడితే, నా మిత్రుడు ఆ కార్బను పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అరగంటలో విచారణ ముగిసింది. ఆ రోజు నేను అతనికి కృతజ్ఞత చెప్పాను గాని, అన్న మాటకు క్షమాపణ చెప్పలేదు. ఏదో అడ్డం వచ్చింది. నలభై ఏళ్ళు దాటినా చెప్పలేదు.

సినిమా అయిపోయాక చెప్పాను. అతను నవ్వి, "ఆ మాట నేనెప్పుడో మరిచిపోయాన్రా" అన్నాడు. మరవలేదని నాకు తెలుసు. కొంచెంసేపాగి, "అయినా ఒకటి చెప్పనా? ఆ కుర్రాడు ముందు కాగితాలు చూసుకుందామని కూచుని ఉంటే అసలు కచేరీయే జరిగేది కాదు. వసూలుకు నువ్వు తిరగకపోతే నేను రసీదు దేనికి రాస్తాను?" అన్నాడు.

హారిసన్ 2001 నవంబరు 29న, రవిశంకర్ 2012 డిసెంబరు 11న కాలం చేశారు. హారిసన్ పేరిట యునిసెఫ్ ద్వారా నడిచే నిధి ఒకటి 2005లో ఏర్పడి, ఇప్పుడు అన్ని కాగితాలతో సక్రమంగా పిల్లలకు సాయం చేస్తోంది. ఆలస్యమైనా ఫైలు చక్కబడింది.

మన సంఘం కూడా వరదలప్పుడు, తుపానులప్పుడు చందాలు వసూలు చేస్తూనే ఉంది. అడగగానే అవునని ముందుకు వచ్చేవారు మనలో ఉన్నారు, రసీదు పుస్తకం తీసేవారూ ఉన్నారు. వారూ వీరూ ఒకరినొకరు విసుక్కోవద్దని, విసుక్కుని ఉంటే నాలాగా నలభై ఏళ్ళు ఆగకుండా ఆ మాట ఈ వారమే చెప్పుకోవాలని విన్నవించుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.